కైలాస మానస సరోవర యాత్ర: విదేశాంగ శాఖకు దరఖాస్తు చేసుకునే విధానం

టిబెట్‌లోని కైలాసానికి వెళ్లాలనుకునేవాళ్లు ముందు ఒక విషయం తేల్చుకోవాలి. ప్రభుత్వం నడిపే యాత్రకు దరఖాస్తు చేస్తారా, నేపాల్ మీదుగా తీసుకెళ్లే ప్రైవేటు ట్రావెల్స్‌తో వెళ్తారా? ఈ రెంటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. ట్రావెల్స్‌కు డబ్బు కట్టినవాళ్ల పేర్లు విదేశాంగ శాఖ లిస్టులో ఉండవు. ఈ యాత్ర కోసం శాఖ ఏజెంట్లను కూడా పెట్టుకోలేదు. ‘డ్రాలో మీ పేరు వచ్చేలా చూస్తాం’ అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయడం మంచిది. ఇక్కడ చెప్పేదంతా ప్రభుత్వ యాత్ర గురించే.

కోవిడ్‌తో 2020లో ఆగిపోయిన ఈ యాత్ర, ఆ తర్వాత చైనాతో సరిహద్దు ఉద్రిక్తతల వల్ల కూడా మొదలుకాలేదు. మళ్లీ 2025లోనే మొదలైంది. ఆ ఏడాది ప్రకటన ఏప్రిల్ 26న వచ్చింది, ఆన్‌లైన్ దరఖాస్తుల గడువు మే 13తో ముగిసింది. మూడు వారాలు కూడా లేదన్నమాట. మే 21న కంప్యూటర్ డ్రా తీశారు. 5,561 మంది దరఖాస్తు చేస్తే 750 మందికి అవకాశం వచ్చింది. తేదీలు, సీట్లు, ఖర్చులు ఏటా మారతాయి కాబట్టి ఆ సంవత్సరం ప్రకటన చూసుకోవాల్సిందే. అయితే ప్రకటన వచ్చాక మొదలుపెడదాంలే అనుకుంటే మాత్రం ఆలస్యమైనట్టే. ఫారం నింపడానికి ఒక పూట చాలు. పాస్‌పోర్టు, బరువు, ఊపిరితిత్తులు, వీటికే నెలలు పడుతుంది.

ఎవరు అర్హులు

భారత పౌరులై ఉండాలి. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నవాళ్లకు, విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు అవకాశం లేదు. అమెరికాలో స్థిరపడి అక్కడి పౌరసత్వం తీసుకున్న పిల్లలను వెంట తీసుకెళ్దామనుకునే తల్లిదండ్రులు ఇది ముందే గమనించాలి. వయసు ఆ సంవత్సరం జనవరి 1 నాటికి 18 నిండి ఉండాలి, 70 దాటకూడదు. పాస్‌పోర్టుకు ఆ సంవత్సరం సెప్టెంబర్ 1 నాటికి ఇంకా కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. డిసెంబరులో ముగిసే పాస్‌పోర్టు ఇప్పుడు ఎంత చెల్లుబాటులో ఉన్నా పనికిరాదు, ముందే రెన్యూ చేయించుకోవాలి.

ఇక చాలామందికి ఎదురుదెబ్బ తగిలేది బీఎంఐ దగ్గర, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందా అని చూసే కొలత దగ్గర. అది 25 లేదా అంతకంటే తక్కువ ఉండాలి. లెక్క సులువే: కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. 170 సెంటీమీటర్ల మనిషి 72 కిలోల దాకా ఉండొచ్చు, 73 అయితే గీత దాటినట్టే. 160 సెంటీమీటర్లకు 64 కిలోలు హద్దు. ‘నాలుగైదు కిలోలే కదా, వెళ్లేలోపు తగ్గుతాం’ అనుకుని దరఖాస్తు పెట్టేవాళ్లున్నారు. ఢిల్లీలో తూచేటప్పుడు ఆ మాట చెల్లదు. హడావిడిగా తిండి మానేసి తగ్గి వెళ్తే అక్కడ ఎత్తులో నీరసపడేది కూడా మీరే. బీపీ, షుగర్, ఆస్తమా, గుండె జబ్బు, మూర్ఛ ఉన్నవాళ్లు దరఖాస్తు చేసేముందే తమ డాక్టరుతో దాపరికం లేకుండా మాట్లాడాలి.

ఏ దారి ఎంచుకోవాలి

ఉత్తరాఖండ్‌లోని లిపులేఖ్ కనుమ మీదుగా 1981 నుంచి, సిక్కింలోని నాథులా మీదుగా 2015 నుంచి యాత్ర సాగుతోంది. 2025లో లిపులేఖ్ దారిన 50 మంది చొప్పున 5 జట్లు, నాథులా దారిన 10 జట్లు పంపారు. ఆ ఏడాది ఖర్చు లిపులేఖ్‌కు మనిషికి సుమారు 1.74 లక్షల రూపాయలు, నాథులాకు 2.83 లక్షలు. రెండూ మూడు వారాల యాత్రలే.

ఇప్పుడు రెండు దారుల్లోనూ కైలాసం దాకా దాదాపు అంతా వాహనాల్లోనే ప్రయాణం కాబట్టి పెద్దవాళ్లకు సులువని అంటారు. చివరి వరకు మాత్రం సులువు కాదు. ఏ దారిన వెళ్లినా కైలాస పరిక్రమ, అంటే పర్వతం చుట్టూ ప్రదక్షిణ, ఒకటే: సుమారు 52 కిలోమీటర్లు, మామూలుగా మూడు రోజుల నడక, మధ్యలో 5,600 మీటర్లు దాటిన డోల్మా లా కనుమ. ఆ ఎత్తులో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టం దగ్గర అందేదానిలో దాదాపు సగమే. రెండు దారుల్లో లిపులేఖ్ మంచిదని నా అభిప్రాయం. అక్కడ ఖర్చు తక్కువ.

ఫారం నింపేటప్పుడు

దరఖాస్తు పూర్తిగా ఆన్‌లైన్, ‘కేఎంవై డాట్ జీవోవీ డాట్ ఇన్’ సైటులో. పోస్టులో పంపేదేమీ లేదు. ముందుగా అకౌంటు తెరిచి, వివరాలు నింపి, ఫోటో, పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీల స్కాన్ కాపీలు ఎక్కించాలి.

తెలుగువాళ్లకు చిక్కు వచ్చేది పేరు దగ్గరే. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, మనిషి పేరు మరో గడిలో ఉంటాయి. ఆధార్‌లో ఇంటిపేరుకు ఒక్క అక్షరం పెట్టి చుక్క పెట్టేసి ఉంటారు, బ్యాంకులో ఇంకోలా ఉంటుంది. పెళ్లయిన ఆడవాళ్లకైతే పుట్టింటి పేరు ఒకచోట, అత్తింటి పేరు ఒకచోట. ఇక్కడ పాస్‌పోర్టు మాటే ఆఖరు మాట. దాన్ని పక్కన పెట్టుకుని, ఏ గడిలో ఉన్నది ఆ గడిలోనే, అక్షరం తేడా లేకుండా దించాలి. చైనా వీసా కూడా ఆ వివరాల మీదే వస్తుంది. పాస్‌పోర్టు నంబరులో ఇంగ్లిష్ ‘ఓ’కూ సున్నాకూ తేడా చూసుకోండి. స్కాన్‌లో అడుగున ఉండే రెండు వరుసల అక్షరాలు తెగిపోకూడదు, వెలుతురు మరక పడకూడదు. సగం నింపిన దరఖాస్తులు డ్రా దాకా వెళ్లవు. తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే మధ్యలోనైనా ఆపేస్తారు.

భార్యాభర్తలో, స్నేహితులో కలిసి వెళ్లాలనుకుంటే ఆ సంగతి దరఖాస్తులోనే నమోదు చేయాలి. ఎంపికయ్యాక జట్టు మార్చమని అడగొచ్చు కానీ ఖాళీ ఉంటేనే.

మొబైల్ నంబరు, ఈమెయిల్ మీరు రోజూ చూసేవే ఇవ్వండి. ఎంపికైన కబురు వచ్చేది వాటికే. నెట్ సెంటర్ వాళ్ల మెయిల్ ఇచ్చి వచ్చేస్తే కబురు వాళ్ల దగ్గరే ఉండిపోతుంది.

పేరు వచ్చాక

చెప్పిన గడువులోగా కన్ఫర్మేషన్ సొమ్ము కట్టాలి. లిపులేఖ్ దారికి కుమావూ మండల్ వికాస్ నిగమ్‌కు, నాథులాకు సిక్కిం టూరిజం డెవలప్‌మెంట్ కార్పొరేషన్‌కు చెల్లించాలి. ఆ సొమ్ము తిరిగి ఇవ్వరు. గడువు దాటితే మీ సీటు వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లకు వెళ్తుంది.

తర్వాత ఢిల్లీలో హాజరు కావాలి. అసలు పాస్‌పోర్టు, ఫోటోలు, 100 రూపాయల స్టాంపు పేపరు మీద నోటరీ చేయించిన ఇండెమ్నిటీ బాండు (ఏం జరిగినా బాధ్యత మాదే అని రాసిచ్చే పత్రం), అత్యవసరమైతే హెలికాప్టర్‌లో తరలించే ఖర్చు భరిస్తామనే హామీపత్రం, ఇంకో అంగీకారపత్రం. ఈ చివరిదాని గురించి ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి. చైనా వైపు మరణం సంభవిస్తే అంత్యక్రియలు అక్కడే జరపడానికి ఒప్పుకుంటున్నామని అందులో సంతకం చేయాలి. బయలుదేరే రోజు ఇంటివాళ్లకు ఆ కాగితం చూపిస్తే అనవసరమైన టెన్షన్. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా జట్టులో చేర్చుకోరు. వీసా కోసం మీరు విడిగా తిరగాల్సిన పని లేదు, జట్టు మొత్తానికి ప్రభుత్వమే చూసుకుంటుంది.

వైద్య పరీక్షలు ఢిల్లీలోనే జరుగుతాయి: రక్తం, మూత్రం, ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ, ట్రెడ్‌మిల్, ఊపిరితిత్తుల సామర్థ్య పరీక్ష. అక్కడితో అయిపోదు. దారిలో ఎత్తుకు చేరాక, లిపులేఖ్ వైపు గుంజిలో, నాథులా వైపు షెరథాంగ్‌లో ఐటీబీపీ (ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు దళం) డాక్టర్లు మళ్లీ చూస్తారు. బీపీ పెరిగిందంటే అక్కడి నుంచే వెనక్కి పంపుతారు. అందుకే డ్రా తర్వాత కాదు, దరఖాస్తు చేసే ముందే మీ ఊళ్లో ఇవే పరీక్షలు ఒకసారి చేయించుకోండి. ట్రెడ్‌మిల్ పరీక్షలో తేడా వస్తే ఫారం పెట్టకుండా ఆగిపోవచ్చు, కట్టే సొమ్మూ మిగులుతుంది.

నడక మొదలుపెట్టడానికి మాత్రం ఏ ఉత్తర్వూ అక్కర్లేదు. రోజూ గంట నడిచి, వారానికి రెండు రోజులు భుజాన బ్యాగుతో మెట్లెక్కడం అలవాటు చేసుకోవాలి. కొత్త బూట్లు ఢిల్లీలో కొనకుండా, రెండు నెలల ముందే కొని అరగదీయండి. ఎత్తు వల్ల వచ్చే తలనొప్పికి మాత్రలు డాక్టరు రాస్తేనే, ఆయన చెప్పిన మోతాదులోనే.

జట్టుతో వెళ్లి జట్టుతోనే తిరిగి రావాలి, మధ్యలో విడిపోవడానికి వీల్లేదు. ప్రతి జట్టు వెంటా ప్రభుత్వం తరఫున ఇద్దరు లైజాన్ అధికారులు ఉంటారు, దారిలో వాళ్ల మాట వినాలి. పేరు రాకపోతే వెయిటింగ్ లిస్టు చూస్తూ ఉండండి, జట్లు బయలుదేరే దాకా ఖాళీలు వస్తూనే ఉంటాయి. అదీ అందకపోతే వచ్చే ఏడాది మళ్లీ కొత్తగా దరఖాస్తు చేయాలి.