ఎగిరే పడవ కిట్టు విప్పే ముందు

కాటలినా అంటే నీళ్ల మీద దిగే పాత అమెరికా విమానం. దాని ప్లాస్టిక్ బొమ్మ కిట్టు డబ్బా చేతికి రాగానే బ్లేడు పట్టుకోకండి. ముందు జాగ చూసుకోండి. అసలు విమానం రెక్కల పొడవు 104 అడుగులు. 1/72 స్కేలులో, అంటే 72వ వంతుకు కుదిస్తే, 44 సెంటీమీటర్లు. పిల్లల చదువు బల్ల చాలదు.

– కొన్నది ఏ రకం కాటలినానో చూడండి. పీబీవై-5కి చక్రాలుండవు, నీళ్ల మీదే దిగేది. పీబీవై-5ఏకి ఉంటాయి, తంటా దానితోనే. ముక్కులో బరువు పెట్టకపోతే తోక మీద కూలబడుతుంది. పొట్ట అతికించాక గుర్తొస్తే చేసేదేం లేదు. గాలానికి కట్టే సీసం గుండ్లు వేసి ఎంసీల్‌తో బిగించండి. ఫెవికాల్ వద్దు. అందులో సీసం ఏళ్ల తరబడి తెల్లగా పూచి, ఉబ్బి, పొట్టనే పగలగొట్టగలదు. గుండ్లు ముట్టిన చేతులు కడుక్కున్నాకే చాయ్.

– నడుం పక్కన ఉండే అద్దాల బుడగలకు మాత్రం ఫెవికాలే దిక్కు. సూపర్ గ్లూ ఆవిరికి అవి మసకేస్తాయి. నాది ఒకటి అట్లనే పోయింది. "దీనికి శుక్లం వచ్చిందిరా" అని మా నాయనమ్మ ఒకటే నవ్వు.

– హన్మకొండ మే ఎండలో మధ్యాహ్నం స్ప్రే కొడితే రంగు గాల్లోనే ఆరి గరుకుగా పడుతుంది. పొద్దున ఆరింటికే కానివ్వండి. ముసురు పట్టిన రోజు లాకర్ రంగు (ఘాటు థిన్నర్‌తో, తొందరగా ఆరేది) ముట్టొద్దు, తెల్లబారుతుంది.

– మాస్కు, తెరిచిన కిటికీ తప్పనిసరి.

– చిన్న ముక్కలు కోసేటప్పుడు ఫ్యాను ఆపండి. ఎగిరిపోతే చీపురే గతి.

– రెక్క కొసల తేలుడు బుడ్లు నీళ్ల మీద దిగి ఉంటాయి, గాల్లో మడిచి రెక్క అంచులో కలిసిపోతాయి. ఏది కావాలో జిగురు మూత తీయకముందే తేల్చుకోండి.