యూకే వచ్చి సెటిలయ్యాక ఆర్మీ రిజర్వ్‌లో చేరాలనుకునే మన సిస్టర్స్‌కి

హైదరాబాద్ నుంచి ఎన్‌హెచ్‌ఎస్‌కి (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) వచ్చిన మన నర్సు సిస్టర్స్‌లో ఐసీయూలో, ఎమర్జెన్సీలో ఏళ్ళ తరబడి చేసినవాళ్ళు చాలామంది, పిల్లలు కాస్త పెద్దయ్యాక ఆర్మీ రిజర్వ్ (ఉద్యోగం చేసుకుంటూనే బ్రిటిష్ సైన్యంలో పార్ట్‌టైమ్‌గా పనిచేయడం) గురించి విని "నలభై దాటాక మనల్నెవరు తీసుకుంటారక్కా" అంటుంటారు. తీసుకుంటారు. మామూలు సైనికుల కంటే నర్సులకి వయసు పరిమితి ఎక్కువ, వాళ్ళకి కావాల్సింది మీ చేతిలో ఉన్న అనుభవం. అఫ్గానిస్తాన్‌లో బ్రిటిష్ సైనిక స్థావరమైన క్యాంప్ బాస్టియన్ హాస్పిటల్‌లో పనిచేసినవాళ్ళలో రిజర్వ్ నుంచి వెళ్ళిన ఎన్‌హెచ్‌ఎస్ నర్సులు ఎంతోమంది ఉన్నారు.

ఇండియా కామన్వెల్త్ దేశం కాబట్టి మన పాస్‌పోర్ట్ అడ్డం కాదు. కానీ ఇప్పుడే దిగి, ఓస్కీ (నర్సు రిజిస్ట్రేషన్‌కి ప్రాక్టికల్ పరీక్ష) రాసి, బ్యాండ్ 5లో (నర్సుల మొదటి జీతం గ్రేడు) స్పాన్సర్‌షిప్ వీసా మీద ఉన్నవాళ్ళు తొందరపడొద్దు, ఐఎల్‌ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) చేతికొచ్చాకే దీని సంగతి చూడండి.

అన్నిటికంటే ముందు ఆలోచించాల్సింది ఓసీఐ, అంటే విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళు వీసా లేకుండా ఇండియాకి వెళ్ళొచ్చే కార్డు. రిక్రూటింగ్ వాళ్ళకి ఇది పట్టదు, మనకి మాత్రం ప్రాణం. విదేశీ మిలిటరీలో ఉన్నవాళ్ళకి, రిటైరైనవాళ్ళకి కూడా ఓసీఐ ఇవ్వరని భారత ప్రభుత్వం రూల్‌లోనే ఉంది. బ్రిటిష్ సిటిజన్‌షిప్ తీసుకుంటే ఇండియన్ పాస్‌పోర్ట్ పోతుంది, ఓసీఐ కూడా లేకపోతే మల్కాజ్‌గిరిలో అమ్మకి రాత్రికి రాత్రి బాలేదని ఫోనొచ్చినా వీసా కోసం ఆగాలి, ఆ వీసా ఫారంలో కూడా మిలిటరీలో చేశారా అని అడుగుతారు. అందుకే సంతకం పెట్టకముందే మీ పరిస్థితి వివరంగా రాసి ఇండియన్ హై కమిషన్‌కి మెయిల్ పెట్టండి, జవాబు కూడా రాతపూర్వకంగానే తీసుకోండి, ఎవరో ఫ్రెండ్‌కి ఏం కాలేదట అన్న మాట మీద నడవకండి. అమ్మానాన్నలు అక్కడ ఒంటరిగా ఉంటే నా సలహా అయితే సూటిగా చెప్తా, దీని మీద స్పష్టత వచ్చేదాకా చేరొద్దు.

సెక్యూరిటీ చెక్‌లో అమ్మానాన్నల పుట్టిన తేదీ, ఊరు కూడా అడుగుతారు. మన పెద్దవాళ్ళలో చాలామందికి ఆధార్‌లో జనవరి 1 అనే ఉంటుంది, అసలు తేదీ ఎవరికీ గుర్తుండదు. ఆధార్, పాస్‌పోర్ట్, మీరు నింపే ఫారం, అన్నిట్లో ఒకటే ఉండేలా చూసుకోండి. ఈసారి హైదరాబాద్ వెళ్ళినప్పుడే పాత హాస్పిటల్ హెచ్‌ఆర్ దగ్గర ఎక్స్‌పీరియన్స్ లెటర్లు తెచ్చుకోండి, అందులో ఏ వార్డు, ఎప్పటినుంచి ఎప్పటిదాకా అని రాయించుకోండి, ఇక్కడి నుంచి ఫోన్లు చేస్తే నెలలు పడుతుంది.

ట్రైనింగ్‌కి మీ దగ్గర్లో ఉన్న యూనిట్ అయితే ఏడాదికి 27 రోజులు, దేశం నలుమూలల నుంచి మనుషుల్ని తీసుకునే నేషనల్ యూనిట్ అయితే 19 రోజులు ఇవ్వాలి. షిఫ్టులు చేసేవాళ్ళకి నాకు తెలిసి రెండోదే నయం. రోజుకింత అని జీతం ఇస్తారు, ఏడాది ట్రైనింగ్ పూర్తయితే బౌంటీ అని టాక్స్ లేని డబ్బు కూడా వస్తుంది. ఏటా ఉండే ట్రైనింగ్ క్యాంప్‌కి చాలా ఎన్‌హెచ్‌ఎస్ ట్రస్టులు (హాస్పిటళ్ళు నడిపే సంస్థలు) అదనంగా లీవ్ ఇస్తాయి, మేనేజర్‌ని నోటిమాటగా అడగడం కాదు, పాలసీ కాగితం తీసి చదవండి, లేకపోతే బతుకమ్మకి ఇంటికెళ్దామని దాచుకున్న లీవ్ అంతా క్యాంప్‌కే పోతుంది. ఇంకోటి, పాత వెబ్ పేజీల్లో కనిపించే ఆర్మీ నర్సుల విభాగం నర్సింగ్ కోర్ 2024 నవంబర్‌లో రాయల్ ఆర్మీ మెడికల్ సర్వీస్‌లో కలిసిపోయింది, ఆ కొత్త పేరుతోనే వెతకండి.

ఫిట్‌నెస్‌కి పరుగు, బరువు లాగడం, మెడిసిన్ బాల్ విసరడం లాంటివి ఉంటాయి. నైట్ డ్యూటీలతో మోకాళ్ళు, నడుము అరిగినవాళ్ళం కదా, అప్లై చేసే ముందు కొన్ని నెలలు నిదానంగా మొదలుపెట్టండి, పాత నొప్పులేవైనా ఉంటే దాచకండి, జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్) రికార్డు మొత్తం వాళ్ళు చూస్తారు.

ఇంట్లో మాట్లాడేటప్పుడు వీకెండ్ ట్రైనింగ్ సంగతి ఒక్కటే చెప్పి ఊరుకోవద్దు. 1996 రిజర్వ్ ఫోర్సెస్ చట్టం ప్రకారం అవసరమొస్తే మిమ్మల్ని తప్పనిసరిగా పిలవచ్చు. తిరిగొచ్చాక మీ ఉద్యోగానికి 1985 చట్టం రక్షణ ఉంది, కానీ ఆ నెలల్లో పిల్లల్ని స్కూల్‌కి ఎవరు దింపుతారు, హైదరాబాద్‌లో అత్తమామల మందుల డబ్బులు ఎవరు పంపుతారు అన్నది మీ ఆయనతో కూర్చుని ముందే తేల్చుకోండి.