ఇంట్లో ఎవరికీ చెప్పని గే అబ్బాయి రోజూ బౌద్ధ సాధన ఎలా చేయాలి?

ఇది ముఖ్యంగా అమ్మానాన్నలతో ఒకే ఇంట్లో ఉంటూ, తాము గే అని ఇంకా చెప్పని వాళ్ళ కోసం రాస్తున్నా. నేను ఉప్పల్ సైడ్ ఉంటా, ఏడేళ్ళ నుంచి రోజూ ధ్యానానికి కూర్చుంటున్నా. గురువుని గిట్ల కాదు, తప్పులు బాగా చేసినోణ్ణి, అందుకే ఏది పనిచేస్తదో కొంచెం తెలుసు.

మొదట: ఎందుకు కూర్చుంటున్నారో ఒప్పుకోండి

ధ్యానం చేస్తే ఈ గే అనేది పోతదేమో అనే ఆశ లోపల ఎక్కడో ఉంటది చూడండి, దాన్ని ముందు పట్టుకోండి. నాకుండె. మొదటిసారి పది రోజుల విపశ్యన కోర్సుకి (మౌనంగా ఉండి చేసే ధ్యానం) పోయినప్పుడు బయటికి స్ట్రెస్ అని చెప్పిన గానీ, పదకొండో రోజు పొద్దున "మామూలోణ్ణి" అయ్యి బస్సెక్కుతా అని లోపల లెక్కేసుకున్నా. నాలుగో రోజు ముందు వరుసలో కూర్చున్నతని మెడ మీద పుట్టుమచ్చ ఉండె, గంటసేపు నా దృష్టంతా దాని మీదనే. ఆ రాత్రి బాత్‌రూమ్‌లో నల్లా తిప్పి ఏడ్చిన.

తర్వాత తెలిసింది ఏందంటే, దుఃఖానికి మూలం తృష్ణ అన్నాడు బుద్ధుడు, రెండో ఆర్యసత్యం అంటే అంతే. ఆడవాళ్ళ మీద తృష్ణ మంచిది, మగవాళ్ళ మీదైతే చెడ్డది అని అందులో ఎక్కడా లేదు. నా పక్కన కూర్చున్న పెళ్ళైన అంకుల్‌కి ఎంత పనో నాకూ అంతే పని. ఇంకోటి, 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ కన్వర్షన్ థెరపీని, అంటే గే వాళ్ళని మారుస్తం అని చేసే "చికిత్స"ని, డాక్టర్ల వృత్తిపరమైన తప్పు కింద లెక్కేసింది. డాక్టరే చేయకూడని పనిని మీరు ఆసనం వేసుకొని మీ మీద మీరే చేస్కోవద్దు.

తర్వాత: పొద్దున పదిహేను నిమిషాలు

ఆనాపానసతితో మొదలుపెట్టండి, అంటే శ్వాస వస్తుంటే వస్తుందని, పోతుంటే పోతుందని తెలుసుకోవడం, ముక్కు దగ్గర. మంత్రం లేదు, బొమ్మ అక్కర్లేదు. రూమ్ లేకపోతే టెర్రస్ మీద వాటర్ ట్యాంక్ పక్కన కూర్చోండి, ఐదున్నరకి ఎవరూ రారు, కింద ఇంట్లో కుక్కర్ మూడో విజిల్ వేసేసరికి అయిపోతది. ఇంట్లో అడిగితే ప్రాణాయామం అనండి... అని రాయబోయిన, కానీ అది అబద్ధం కదా, ధ్యానం అనే చెప్పండి, ఎవరూ ఏమనరు.

రెండో బాణం లెక్కపెట్టండి

నా వరకు అసలు సరుకు ఇదే. సంయుత్త నికాయ అని బుద్ధుడి ఉపదేశాల పాత సంపుటిలో సల్లత్థ సుత్తం అని ఒకటుంది, అందులో బుద్ధుడు అంటడు, మామూలు మనిషికి ఒక బాణం తగిలితే వెంటనే ఇంకోటి తగిలినట్టు ఉంటది అని. మొదటిది ఒంటి బాధ, రెండోది దాని మీద మనసు పడే ఏడుపు.

మన రోజువారీలో ఎట్లుంటదో చూడండి. పోయిన శ్రావణంలో పెళ్ళికి పోయినం, ఫంక్షన్ హాల్‌లో బఫే లైన్‌లో ప్లేట్ పట్టుకొని నిలబడ్డ, బాబాయి వెనకనుంచి వచ్చి భుజం మీద చెయ్యేసి "ఏం రా, ముప్పై దాటె, నీ పప్పన్నం ఎప్పుడు, లేకపోతె ఏమన్న తేడానా?" అని అందరికీ వినపడేటట్టు నవ్విండు. ఛాతీలో ఒక్కసారి బిగుసుకుంది, చెవులు వేడెక్కినయి. అది మొదటి బాణం, అది బాబాయి వేసింది, దాన్ని మీరు ఆపలేరు. బండి మీద ఇంటికొచ్చేదాకా "నేనే తేడా, నా వల్లనే అమ్మ తలదించుకుంది, నేను పుట్టకుండా ఉండాల్సింది" అని నడిచింది చూడండి, అవన్నీ రెండో బాణాలు, వేసుకున్నది నేనే, ఉప్పల్ రింగ్ రోడ్డు వచ్చేసరికి పదకొండు లెక్కపెట్టిన.

చేయాల్సింది ఇంతే: బిగుసుకున్న చోట దృష్టి పెట్టి, ఇది మొదటిది అనుకోండి, ఆ తర్వాత వచ్చే ప్రతి వాక్యాన్ని వేళ్ళమీద లెక్కపెట్టండి. ఆపొద్దు, వాదించొద్దు, లెక్క మాత్రమే. కొన్ని నెలలకి నంబర్ తగ్గుతది. కానీ దీన్ని అడ్డం పెట్టుకొని బాబాయి మాట తప్పు కాదు అనుకోవద్దు, బాణం వేసినోడిది తప్పే. చనిపోవాలనే ఆలోచన తిరిగి తిరిగి వస్తుంటే లెక్కలు పక్కనపెట్టి టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, గవర్నమెంట్‌ది, ఫ్రీ.

మైత్రి భావన: క్రష్‌తో మొదలుపెట్టొద్దు

మైత్రి భావన అంటే ఒక్కొక్కరి మేలు కోరుకుంటూ చేసే ధ్యానం. "నేను సుఖంగా ఉండాలి, క్షేమంగా ఉండాలి" అని ముందు మీతో మొదలుపెట్టండి. ఇది స్వార్థం కాదు, 5వ శతాబ్దంలో బుద్ధఘోషుడు విసుద్ధిమగ్గ అనే సాధన పుస్తకంలో చెప్పిన వరసే ఇది. తర్వాత మీరు గౌరవించే ఒక మనిషి, స్కూల్ టీచరో ఎవరో. ఆ పుస్తకంలోనే ఇంకో జాగ్రత్త ఉంది, మగవాళ్ళు ఒక ఆడమనిషి మీద, ఆడవాళ్ళు ఒక మగమనిషి మీద ప్రత్యేకంగా చేయొద్దు, రాగం లేస్తది అని. దానికో కథ కూడా ఉంది, ఒకాయన పెద్ద భిక్షువుని అడిగితే ఇష్టమైన మనిషి మీద మైత్రి చేయమన్నాడట, ఈయనకి ఇష్టం భార్య, ఇక రాత్రంతా గోడతో కుస్తీ పట్టిండట! మనకి ఈ రూల్ తిరగేసి చదువుకోవాలి, కారణం అదే కదా. జిమ్‌లో కనపడే అబ్బాయి మీద మైత్రి అని కూర్చుంటే మీకూ గోడే మిగుల్తది, నాకు మిగిలింది.

మూడో శీలం గురించి ఎవరన్నా భయపెడితే

కామేసు మిచ్ఛాచారా వేరమణి, అంటే కామం విషయంలో తప్పు నడవడి (మిచ్ఛాచారం) మానడం, పంచశీలాల్లో మూడోది. పాలి సుత్తాల్లో దీని వివరణ చూస్తే తల్లిదండ్రుల రక్షణలో ఉన్న వాళ్ళు, భర్త ఉన్న వాళ్ళు, నిశ్చితార్థమైన వాళ్ళు ఇట్ల లిస్టు ఉంటది, గృహస్థులకి మగవాళ్ళ మధ్య ప్రేమ గురించి అందులో మాటే లేదు. అంతా మనకి అనుకూలమే అని కూడా చెప్పను. వినయంలో, అంటే భిక్షువుల నియమాల్లో, పండకులు అనే ఒక రకం వాళ్ళకి దీక్ష ఇవ్వొద్దని ఉంది, ఆ మాటకి అర్థం మీద పండితులు ఇంకా కొట్లాడుకుంటున్నరు. దలైలామా 1997లో బౌద్ధం లెక్కన ఇది తప్పే అన్నారు, 2014లో ఇంటర్వ్యూలో ఇద్దరికీ ఇష్టమైతే ఓకే అన్నారు. బౌద్ధులు ఎక్కువున్న థాయిలాండ్‌లో 2025 జనవరి 23 నుంచి ఇద్దరు మగవాళ్ళు చట్టప్రకారం పెళ్ళి చేస్కోవచ్చు. మన దగ్గర గే సంబంధాన్ని నేరం అన్న సెక్షన్ 377 నుంచి 2018లో బయటపడ్డం గానీ పెళ్ళి దగ్గర 2023లో సుప్రీంకోర్టు ఆగిపోయింది, ఆ కేసు వేసిన జంటల్లో ఒకటి మన హైదరాబాద్ వాళ్ళే.

నా లెక్కలో మిచ్ఛాచారం అంటే ఇంట్లో వాళ్ళ కోసం ఏమీ తెలియని అమ్మాయి మెడలో తాళి కట్టడం. శీలం అంతా అక్కడే పోతది.

చెప్పాలా వద్దా

సరైన మాటకి ఐదు గుర్తులు చెప్పాడు బుద్ధుడు: టైమ్‌కి చెప్పడం, నిజం, మృదువుగా, మేలు చేసేది, మైత్రితో. ఐదూ కుదరాలి, ఒక్క నిజం కుదిరితే చాలదు. ఉద్యోగం లేదు, ఇంట్లోంచి గెంటేస్తే పోయే చోటు లేదు అంటే టైమ్ కుదరనట్టే, ఆగండి, మౌనం అబద్ధం కాదు. లేని గర్ల్‌ఫ్రెండ్‌ని కల్పించడం మాత్రం అబద్ధం, నేను రెండేళ్ళు మెయింటైన్ చేసిన, ఆ పిల్లకి బెంగళూరు ట్రాన్స్‌ఫర్ కూడా ఇప్పించిన.

ఒకరోజు అమ్మ కిచెన్‌లో చిక్కుడుకాయలు గిల్లుకుంటా అడిగింది, "బిడ్డా, నీ మనసుల ఎవరన్న పిల్ల ఉంటె చెప్పు, ఏ కులమైనా సరే, మీ నాయనతోని నేను మాట్లాడ్త". పిల్ల ఎవరూ లేరమ్మా అన్న. అది నిజమే, కానీ ఐదులో ఒక్కటే. ఇంకో నాలుగు నెలలకి మిగతా నాలుగు కుదిరినయి, అదే కిచెన్‌లో చెప్పిన.

ఒంటరిగా లాగొద్దు

మంచి స్నేహితులు సాధనలో సగం కదా అని శిష్యుడు ఆనందుడంటే, సగం కాదు మొత్తం అన్నాడు బుద్ధుడు. సికింద్రాబాద్ మహేంద్ర హిల్స్‌లో ఆనంద బుద్ధ విహార ఉంది, ఊరికే పోయి కూర్చొని రావచ్చు. కుదరకపోతే సాయంత్రం నెక్లెస్ రోడ్డు మీద కూర్చొని హుస్సేన్ సాగర్ బుద్ధుణ్ణి చూడండి, 1990లో తెస్తుంటే మునిగి 1992 దాకా నీళ్ళ అడుగునే ఉన్నాడు, ఆయన కూడా లేటుగానే బయటికొచ్చిండ్రా అని మా ఫ్రెండ్ జోకు.

పది రోజుల విపశ్యనకి పోవాలంటే నాగార్జునసాగర్ రోడ్డులో ధమ్మఖేత్త ఉంది, ఫీజు లేదు, అయ్యాక దానం ఇవ్వొచ్చు. ఫారంలో డిప్రెషన్ మందుల సంగతి దాచొద్దు. కోర్సులో తెల్లారి నాలుగింటికి లేపుతరు, మాట్లాడొద్దు, ఫోన్ మొదటి రోజే ఇచ్చేయాలి, కాబట్టి పోయే ముందు ఆ సెంటర్ అడ్రస్, అక్కడి ఆఫీస్ నంబర్ ఇంట్లో రాసిచ్చి పోండి. మా ఫ్రెండ్ చెప్పకుండా పోతే మూడో రోజు వాళ్ళమ్మ ఫోటో పట్టుకొని పోలీస్ స్టేషన్‌కి బయల్దేరింది.