కాటాని పైథాన్‌కి కలుపుతున్నారా? వోల్టేజ్ కొలవందే వైరు పెట్టొద్దు

ఎలక్ట్రానిక్ కాటా నుంచి బరువు పైథాన్ ప్రోగ్రాంలోకి తీసుకుందామని చూసి, మొన్ననే ఇంకో ప్రాజెక్ట్ బ్యాచ్ రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు కాల్చుకుంది. ప్రోగ్రాంలో తప్పేమీ లేదు. కాటా వెనకున్న తొమ్మిది పిన్నుల పోర్టు నుంచి వైర్లు నేరుగా బోర్డుకు ఇచ్చేశారు.

ముందు మీటరు

ఆ పోర్టులో మామూలుగా వచ్చేది ఆర్‌ఎస్-232, అంటే డేటా పంపే ఒక పాత సీరియల్ పద్ధతి. అందులో సిగ్నల్ మైనస్ 15 నుంచి ప్లస్ 15 వోల్టుల దాకా ఉండొచ్చు. రాస్‌బెర్రీ పై పిన్ను తట్టుకునేది 3.3 వోల్టులే. ఆర్డుయినో ఊనో అనే ఇంకో బోర్డు ఇచ్చే 5 కూడా దానికి ఎక్కువే. మల్టీమీటరును డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టండి. మాన్యువల్‌లో పిన్నుల బొమ్మ చూసుకోండి. సాధారణంగా 5వ పిన్ను గ్రౌండ్. నలుపు ప్రోబు దానిమీద, ఎరుపు ముందు 2 మీద, తర్వాత 3 మీద. డేటా ఏమీ రానప్పుడు ఒకదాని మీద మైనస్ అంకె కనబడితే అది ఆర్‌ఎస్-232. మధ్యలో వోల్టేజ్‌ని బోర్డుకు సరిపడేలా మార్చే మ్యాక్స్3232 మాడ్యూల్ పెట్టాల్సిందే. దానికి కరెంటు 3.3 వోల్టుల పిన్ను నుంచే ఇవ్వాలి. 5 ఇస్తే అది బోర్డుకూ 5 పంపుతుంది.

చెత్త అక్షరాలు వస్తే

చాలామంది మునిగేది ఇక్కడే. నేరుగా కలిపితే సిగ్నల్ తలకిందులుగా చేరుతుంది కాబట్టి బాడ్ రేటు (డేటా వచ్చే వేగం) సరిగ్గా ఉన్నా చెత్తే వస్తుంది. అది చూసి 9600, 4800, 2400 అని మారుస్తూ కూర్చుంటారు. అంతసేపూ ఆ పిన్ను దెబ్బ తింటూనే ఉంటుంది. చెత్త వచ్చిందా, కోడ్ వదిలేసి మీటరు తీయండి. వోల్టేజ్ సరిపోయాకే బాడ్ రేటు సంగతి.

ఇక మిగతావి. కోడ్‌లో పోర్టు తెరిచేటప్పుడు టైమ్‌అవుట్ 1 (ఒక సెకను) ఇవ్వండి. లేకపోతే లైను చివరి గుర్తు వచ్చేదాకా, ఒక లైను చదివే రీడ్‌లైన్ కదలదు. మీ ఫైలుకు సీరియల్.పీవై అని పేరు పెట్టొద్దు, ఇంపోర్ట్ లైబ్రరీకి బదులు దాన్నే తెస్తుంది. ఇన్‌స్టాల్ చేయాల్సిన లైబ్రరీ పేరు పైసీరియల్, సీరియల్ కాదు. లినక్స్‌లో పర్మిషన్ ఎర్రరా? యూజర్‌ని డయల్‌అవుట్ గ్రూపులో చేర్చి, లాగౌటై మళ్లీ రండి. సుడోతో (అడ్మిన్ హక్కులతో) నడిపి నెట్టుకురావద్దు. విండోస్‌లో యాక్సెస్ డినైడ్ అంటే ఆ కామ్ పోర్టును ఇంకో ప్రోగ్రాం పట్టుకుని ఉండొచ్చు, దాన్ని మూసేయండి. గ్రౌండ్ వైరు మరవొద్దు. టీఎక్స్ (పంపేది), ఆర్‌ఎక్స్ (అందుకునేది) వైర్లు అటూఇటూ మార్చాలంటే రెండు వైపులా పవర్ తీసేయండి. ఒక్క నిమిషానికే అయినా మాడ్యూల్ లేకుండా కలపొద్దు. కాటా మార్చారా, మళ్లీ కొలవండి. అదే మోడల్ అయినా సరే.