మిల్లు గేటుకు తాళం పడితే ఏం చేయాలి?

పొద్దున్న షిఫ్టుకి క్యారేజీ పట్టుకుని వెళ్తే గేటుకు తాళం, పక్కన ఒక కాగితం. విజయనగరం జిల్లాలో జూట్ మిల్లుల మీద బతికే ఇళ్లకు ఇది కొత్త కాదు. మా నాన్నకీ ఇలాగే జరిగింది, ఆ కాగితం చదవకుండానే ఇంటికొచ్చేశారు. మీరు అలా రావద్దు.

ముందు ఆ నోటీసుకి ఫోన్లో ఫోటో తీయండి. అందులో ‘లాకౌట్’ అని ఉందా, ‘లేఆఫ్’ (ఇవ్వడానికి పని లేక తాత్కాలికంగా ఆపడం) అని ఉందా, పూర్తిగా మూసేస్తున్నామని ఉందా చూడండి, ఎందుకంటే మీకేం రావాలన్నది ఆ ఒక్క మాటని బట్టే తేలుతుంది. లాకౌటైతే పని ఆగిందే తప్ప ఉద్యోగం పోలేదు. మూసేస్తే మాత్రం, కనీసం ఏడాది పనిచేసిన కార్మికుడికి సర్వీసులో ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు జీతం పరిహారంగా రావాలి. ఐదేళ్లు నిండినవాళ్లకి గ్రాట్యుటీ వేరే, రెండూ ఒకటేనని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి.

ఆ వారంలోనే పేస్లిప్పులు, ఐడీ కార్డు, జీతం పడిన బ్యాంకు పాస్‌బుక్, పీఎఫ్, ఈఎస్ఐ నంబర్లు ఒక సంచిలో పెట్టండి. తోటివాళ్లు ఊళ్లో ఉండగానే కలవండి, నెల తిరిగేసరికి ఒకరు విశాఖ, ఒకరు హైదరాబాద్, ఇంకొకరు చెన్నై వెళ్లిపోతారు, తర్వాత సాక్ష్యానికి మనిషి దొరకడు. పదిమంది కలిసి లేబర్ ఆఫీసులో అర్జీ ఇచ్చి, మీ కాపీ మీద సీలు వేయించుకోండి. కాంట్రాక్టర్ కింద చేసినా వెనక్కి తగ్గొద్దు, అతను జీతం ఎగ్గొడితే అసలు కంపెనీయే కట్టాలి. లెక్క రాయని కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి, ఎంత అవసరంలో ఉన్నా సరే.

ఈఎస్ఐ ఉన్నవాళ్లు చాలామంది అడగనిది ఒకటుంది. ఫ్యాక్టరీ మూతపడి ఉద్యోగం పోతే రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన కింద నిరుద్యోగ భత్యం ఉంది, గరిష్ఠంగా 24 నెలలు, మొదటి ఏడాది సగటు జీతంలో సగం. మీ సర్వీసుకి వర్తిస్తుందో లేదో ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో అడగండి.

పీఎఫ్‌లోని పెన్షన్ డబ్బుతో సహా మొత్తం వెంటనే లాగేయొద్దు, పదేళ్ల సర్వీసు ఉంటేనే పెన్షన్ వస్తుంది, ఆ డబ్బు తీసేస్తే ఇప్పటిదాకా చేసిన సర్వీసు ఆ లెక్కలోంచి పోతుంది. కంపెనీ పీఎఫ్ రికార్డులో మీ ఎగ్జిట్ తేదీ (ఉద్యోగం ముగిసిన తేదీ) వేయకపోయినా, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత మీరే ఆన్‌లైన్లో వేసుకోవచ్చు.

ఇంట్లో ఆ రాత్రే చెప్పేయండి. దాచిపెడితే టెన్షన్ పెరుగుతుంది, డ్వాక్రా వాయిదా కట్టాల్సిన ఇల్లాలికి ముందే తెలిస్తే గ్రూపులో మాట్లాడుకుంటుంది. వారం వడ్డీల జోలికి వెళ్లేముందు బ్యాంకుకి వెళ్లి వాయిదా గడువు అడగండి.

వలస వెళ్లక తప్పకపోతే వెళ్లండి, కానీ కాగితాల నకలు ఇంట్లో ఉంచి, ఊళ్లో ఉండే తోటి కార్మికుడికి మీ కొత్త నంబరు ఇచ్చి వెళ్లండి. లేబర్ ఆఫీసు చర్చలకి పిలిచిన రోజు మా నాన్న చెన్నైలో ఉన్నారు, ఆ కబురు ఆయనకి అందనే లేదు.