తోలు మీద జింక బొమ్మ సరిగ్గా రావట్లేదా? ముందు పదును చూడండి

కీచైన్లు, కోస్టర్లు, పర్సు మూతలు లాంటి చిన్న ముక్కల మీద జింక, నెమలి, ఎద్దు బొమ్మలు కొట్టేవాళ్లు ఫొటోలు పంపి "చెయ్యి కుదరట్లేదన్నా" అంటుంటారు. నాకైతే చాలా ఫొటోల్లో చేతి తప్పు కనిపించదు, తోలులో ఉన్న నీళ్ల తప్పే కనిపిస్తుంది. వాన పడ్డాక చెలక దున్నే ముందు పదును చూస్తాం కదా, తడి ఎక్కువైతే మట్టి నాగలికి అంటుకుంటుంది, ఆరిపోతే పెడ్డలు లేస్తాయి. తోలు కూడా అచ్చం అంతే, బొమ్మ కొట్టడానికి సరిపడా తడి ఉండాలి, దాన్నే పదును అంటున్నాను. అందుకే కింద చెప్పే వాటిలో సగం మళ్లీ పదును దగ్గరికే వస్తాయి.

కొట్టిన గుర్తు కాసేపటికి మాయమైపోతోంది

మొదట అది ఏ తోలో చూడండి. బ్యాగులకు వాడే మెత్తటి తోలు ఎక్కువగా క్రోమ్ తోలు, అంటే క్రోమియం ఉప్పులతో శుద్ధి చేసింది. అంచు కోసి చూస్తే చాలాసార్లు లోపల నీలి బూడిద రంగు కనిపిస్తుంది. దాని మీద ఎంత గట్టిగా కొట్టినా గుర్తు నిలవదు, టైం వేస్ట్ చేసుకోకండి. మనకు కావాల్సింది చెట్టు బెరడుతో శుద్ధి చేసిన తోలు, షాపుల్లో వెజ్ ట్యాన్ అని అడగాలి. మన వైపు పాతరోజుల నుంచి తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయలతో చేసేది ఇదే (బతుకమ్మలో పేర్చే తంగేడే, పువ్వు పండక్కి, బెరడు తోలుకు). ఒక చుక్క నీళ్లు వేసి చూడండి. చుక్క ఇంకి అక్కడ రంగు ముదిరి, గోటితో నొక్కితే గీత అలాగే ఉండిపోతే అది పనికొచ్చే తోలు. మందం 2.5 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటే బొమ్మ లేచినట్టు కనిపిస్తుంది.

తోలు సరైనదే అయినా గుర్తు పోతోందంటే తడి ఎక్కువైంది. స్పాంజితో ముందూ వెనకా తడిపి వెంటనే కొట్టడం మొదలుపెడతారు, అప్పుడు పైన బురదలా ఉంటుంది, లోపల పొడిగా ఉంటుంది. తడిపిన ముక్కను ప్లాస్టిక్ కవర్లో చుట్టి రాత్రంతా ఉంచండి, తడి లోపలిదాకా సమంగా పాకుతుంది. పొద్దున తీసి బయట పెట్టండి. రంగు దాదాపు పొడి తోలు రంగుకు వచ్చేసి, చెంపకు ఆనిస్తే మాత్రం ఇంకా చల్లగా తగులుతుందే, అదీ పదును. అప్పుడు బెవెలర్ (గీత పక్కన తోలును వాలుగా అణిచే పనిముట్టు) పెట్టి ఒక దెబ్బ వేస్తే ఆ చోట ముదురు గోధుమ రంగు తిరుగుతుంది. ఆ రంగు రాకపోతే తడి ఎక్కువైనా అయ్యుండాలి, తక్కువైనా అయ్యుండాలి.

మే నెలలో మా పాలమూరు ఎండకి ఈ పదును చేతిలో ఉండగానే జారిపోతుంది. ఫ్యాన్ కింద కూర్చుంటే ఇంకా తొందరగా. పొద్దున్నే పని పెట్టుకుని, ఫ్యాన్ ఆపి, చెయ్యి ఆడని భాగం మీద ప్లాస్టిక్ కవర్ కప్పుకోండి. మధ్యలో ఆరితే ఆ ఒక్కచోటే చుక్కలు వేయకండి, మరకల్లా రింగులు పడతాయి. స్పాంజి బాగా పిండి, ముక్క మొత్తం మీద ఒక్కసారి తేలిగ్గా తుడవండి. అలాగని రోజుల తరబడి కవర్లో ఉంచితే బూజు పడుతుంది, ముఖ్యంగా వానాకాలంలో.

కత్తి ఆగి ఆగి వస్తోంది, గీత చీరినట్టు ఉంది

తోలు ఆరిపోయిందో, కత్తి మొద్దుబారిందో రెండిట్లో ఒకటి. తడి సరిగ్గా ఉన్న తోలు మీద కూడా స్వివెల్ కత్తి (వేళ్ల మధ్య తిప్పుతూ గీతలు కోసే కత్తి) పట్టేస్తోందంటే కత్తిదే లోపం. అలాగని ప్రతిసారీ సానరాయి మీద రుద్దక్కర్లేదు. ఒక తోలు ముక్కకు పాలిష్ చేసే ఆకుపచ్చ మైనం రాసి, దాని మీద అంచును వెనక్కి మాత్రమే లాగండి, పది పదిహేనుసార్లు. కోత లోతు తోలు మందంలో మూడో వంతు నుంచి సగం దాకా చాలు. రెండు గీతలు కలిసేచోట, ఉదాహరణకు చెవి తలకు అతుక్కునే మూల, గీతలు దాటనివ్వకండి, కొంచెం ముందే ఆపండి. దాటితే ఆ మూల రేకులా లేస్తుంది.

జింక గీశాను, కుక్కలా వచ్చింది

ఈ బాధ అందరిదీ. కారణాలు రెండు, ఒకటి తోలుది, ఒకటి మనది.

తోలుది ఏంటంటే, తడి తోలును కొడుతుంటే అది పక్కలకు సాగుతుంది. మూడంగుళాల ముక్కలో మూతి కొంచెం సాగినా జింక పోలిక పోతుంది. కొట్టే ముందే వెనకవైపు మొత్తం వెడల్పు ప్యాకింగ్ టేప్ వరసగా అంటించండి, పని అయ్యాక మెల్లగా పీకండి. కింద చెక్క బల్ల కాకుండా కదలని రాయి ఉండాలి. కిచెన్ ప్లాట్‌ఫారాలు వేసేవాళ్ల దగ్గర మిగిలిన గ్రానైట్ ముక్క అడగండి, చాలు.

మనది ఏంటంటే, ప్రతి వెంట్రుకనూ కత్తితో కోసేస్తాం. కోత బొమ్మ చుట్టూ అంచుకే. బొచ్చును మోడలింగ్ పుల్లతో (కోయకుండా నొక్కే మొండి మొన పనిముట్టు) చిన్న చిన్న గీతలుగా నొక్కాలి, అదీ ముక్కు నుంచి వెనక్కి, వెంట్రుక పడుకునే వైపే. అన్నిటికన్నా ముందు కన్ను గీసుకోండి, మిగతా తలంతా దాని కొలతకు వస్తుంది. కనుపాప మొత్తం గుంట చేసేయకుండా పైమూలన ఆవగింజంత చోటు లేపి వదలండి, చూపు వస్తుంది. ఇక చుక్కలు. మన రాష్ట్ర జంతువు, అమ్రాబాద్ అడవిలో తిరిగే చుక్కల జింక, దాని ఫొటో ఒకసారి దగ్గరగా చూడండి. వెన్ను పక్కన, పొట్టకు కాస్త పైన చుక్కలు వరసలు కట్టి ఉంటాయి. చేతికొచ్చినట్టు చల్లితే అందుకే అది జింకలా ఉండదు. కొమ్ములు మగదానికే, మామూలుగా ఒక్కో కొమ్ముకు మూడు కొనలు.

అంచు మెట్లు మెట్లుగా కనిపిస్తోంది

బెవెలర్‌ను ఎక్కువ దూరం జరుపుతున్నారు. దెబ్బకు దెబ్బకు మధ్య దాన్ని పైకి ఎత్తకుండా, సగం కంటే తక్కువ జరుపుతూ నడిపించండి. ఇనప సుత్తి వద్దు, చెక్కది కానీ ప్లాస్టిక్‌ది కానీ వాడండి. మిగిలిన మెట్లు స్పూన్ ఆకారం పుల్లతో రుద్దితే పోతాయి.

నీలి నల్ల మచ్చలు పడ్డాయి

మా మేనల్లుడి కోసం చేసిన జింక కీచైన్‌కు రాత్రి లేనివి పొద్దునకు వచ్చాయి. ఎంత బాధేసిందో చెప్పలేను, రెండు సాయంత్రాల పని అది. ఇంక్ ఏమైనా ఒలికిందా అని ఇల్లంతా వెతికాను. కారణం తడి తోలును పెట్టిన ఇనప పళ్లెం. బెరడు తోలులో టానిన్ (బెరడులో ఉండే వగరు పదార్థం) ఉంటుంది, దానికి ఇనుము తగిలితే నల్లబడుతుంది. వెనకటి రోజుల్లో కరక్కాయ, అన్నభేది (ఇనుము ఉప్పు) కలిపి సిరా చేసేది కూడా ఈ గుణంతోనే. కాబట్టి తుప్పు పట్టిన బకెట్టు నీళ్లు, ఇనప స్కేలు, గోర్ల కింద ఇనప పొడి, అన్నీ దూరం పెట్టండి. మచ్చ పడితే రంగు వేయకముందే నిమ్మరసంలో దూది ముంచి మచ్చ మీద అద్దండి. కొన్ని నిమిషాల్లో తేలిపోవడం కంటికే కనిపిస్తుంది. తర్వాత ముక్క మొత్తం మంచినీళ్లతో తుడవండి, లేకపోతే పులుపు తోలులోనే ఉండిపోతుంది.

ఆరాక వంకర తిరిగింది, రంగు అట్టలు కట్టింది

ఎండలో పెట్టారు. నీడలో, చదునుగా, 24 గంటలు ఆరనివ్వండి. వంకర తిరిగిన ముక్కను మళ్లీ తేలిగ్గా తడిపి, బొమ్మ నలగకుండా అంచుల మీద మాత్రం బరువు పెట్టండి. లోపల తడి ఉండగా రంగు వేస్తే ఒకచోట ముదురు, ఒకచోట లేతగా పడుతుంది, కాబట్టి రంగు మర్నాడే. జింక చుక్కలకు తెల్ల అక్రిలిక్, సన్నటి బ్రష్‌తో, అన్నిటికన్నా చివర్లో.