గురువుగారు "మళ్ళీ" అంటే ఇంట్లో చేయాల్సిన సాధకం

కర్ణాటక సంగీతంలో పట్టుదల గల గురువులు "స రి గ మ ప ద ని స" అని ఎక్కి దిగే మొదటి సరళీ వరుసనే వారాల తరబడి పాడిస్తారు. చాలాసార్లు కారణం చెప్పరు, "మళ్ళీ" అని ఊరుకుంటారు. ఇంటికొచ్చి ఆ వరుసను మొదటి నుంచి చివరిదాకా ఇరవైసార్లు పాడితే తప్పే గొంతులో గట్టిపడుతుంది. అసలు తేడా ఎక్కడుందో ముందు పట్టుకోవాలి.

ఎక్కువ మందికి అది రిషభంలో (రి) ఉంటుంది. ఈ వరుసలు పాడే మాయామాళవగౌళ రాగంలో శుద్ధ రిషభం షడ్జమాన్ని (స) ఆనుకునే ఉంటుంది, అంతర గాంధారం (గ) మాత్రం దూరం. ఎక్కేటప్పుడు బాగానే పలికిన రి, గ నుంచి దిగేటప్పుడు అంత దూరం రాలేక కాస్త పైనే ఆగిపోతుంది. ని నుంచి శుద్ధ ధైవతానికి (ద) దిగేటప్పుడూ ఇదే జరుగుతుంది. కాబట్టి తంబూరా పెట్టుకుని "గ రి స" ఒక్కటే తీసుకోండి. ఒక్కో స్వరాన్ని నాలుగు అక్షరాల (తాళపు లెక్కల) సేపు నిలిపి పదిసార్లు పాడి, తర్వాత అదే స్వరాల పేర్లు లేకుండా "ఆ" అంటూ అకారంలో పాడండి. "ని ద ప" కూడా ఇలాగే. హార్మోనియం కలిపి వాయిస్తూ పాడొద్దు, మెట్టు శబ్దం మీ తప్పును కప్పేస్తుంది. ముందు రి పాడి నిలపండి, ఆ తర్వాతే మెట్టు నొక్కి సరిచూసుకోండి.

తాళం సంగతి వేరు. ఆదితాళంలో లఘువు అనే మొదటి భాగంలో ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు. తర్వాత రెండు ద్రుతాలు, ఒక్కోదానికి దెబ్బ, విసురు (అరచేయి తిప్పి వేయడం). మొత్తం ఎనిమిది అక్షరాలు. కాలం (వేగం) పెరిగితే స్వరాలే పెరగాలి, చేతి నడక మారకూడదు. మెట్రోనోమ్‌ను నిమిషానికి 40కి పెట్టండి. మొదటి కాలంలో అక్షరానికి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. మూడో కాలంలో చేయి గొంతు వెంట పరిగెత్తుతుంటే పాట ఆపి, స్వరాల పేర్లు శ్రుతి లేకుండా మాటల్లా పలుకుతూ తాళం వేయండి. చేయి కుదిరాకే గొంతు కలపండి.

ఇంకొక చిక్కుంది. ఆరోహణ, అవరోహణ కలిపి 16 స్వరాలు. మొదటి కాలంలో రెండు ఆవర్తనాలు (తాళం పూర్తి చుట్లు), రెండో కాలంలో ఒకటి. మూడో కాలంలో లఘువు పూర్తయ్యేసరికే వరుస అయిపోతుంది, ద్రుతాలు మిగిలిపోతాయి. అక్కడ చేయి దించేస్తే గురువుగారికి కోపం రావడం న్యాయమే. రెండోసారి పాడి ఆవర్తనం ముగించాలి.

ఒక్కో స్వరం రెండేసి సార్లు వచ్చే జంట వరుసల్లో "స స రి రి" అని రెండు స్వరాలనూ ఒకే బరువుతో పాడితే పాఠం చప్పగా ఉంటుంది. ఊనిక రెండో దాని మీద పడాలి. రెండో రి పలికే ముందు కింది స్వరాన్ని లిప్తపాటు తాకి రావాలి, దీన్నే స్ఫురితం అంటారు. మొదట బాగా నెమ్మదిగా చేస్తేనే ఆ తాకిడి చెవికి తెలుస్తుంది.

పుస్తకంలోని గుర్తులనూ తేలిగ్గా తీసుకోవద్దు. కామా ఒక అక్షరం, సెమికోలన్ రెండు అక్షరాల పొడిగింపు. చిన్న పాటలైన గీతాల్లో కొస తప్పడానికి చాలాసార్లు మింగేసిన కామానే కారణం. స్వరం మీద చుక్క తారస్థాయి (పై స్థాయి), కింద చుక్క మంద్రం (కింది స్థాయి). గురువుగారు ఆపిన చోటల్లా పెన్సిల్‌తో గుర్తు పెట్టి, పక్కన తప్పు పేరు రాయండి: "రి ఎక్కువ", "విసురు తొందర", "స్వరం మధ్యలో ఊపిరి".

నలభై నిమిషాలు దొరికితే పది శ్రుతికి, పదిహేను ఆ గుర్తు పెట్టిన ముక్కకు, పది మొత్తం వరుసకు కేటాయించండి. చివరి ఐదు నిమిషాల్లో ఫోన్‌లో ఒక్కసారి రికార్డు చేసి, ఇయర్‌ఫోన్స్‌తో వినండి. పాడేటప్పుడు వినపడని జారుడు అందులో తెలుస్తుంది. తర్వాతి పాఠంలో "రావట్లేదండీ" అనకుండా "దిగేటప్పుడు రి దగ్గర తేడా వస్తోందండీ, ఆ ముక్క ఒకసారి పాడి వినిపిస్తారా?" అని అడగండి. ఎంత కఠినమైన గురువైనా ఆ ప్రశ్నకు పాడి చూపిస్తారు.